బెన్ జాన్సన్: గుర్రాలు తోలుకొచ్చి ఆస్కార్ అందుకున్న కౌబాయ్

పడమటిగాలి:
అందరికీ నమస్కారం. ఈ విభాగంలో వెస్టర్న్‌ల (కౌబాయ్ సినిమాల) మీద చర్చ ఎప్పుడు మొదలైనా జాన్ వేన్, క్లింట్ ఈస్ట్‌వుడ్, మహా అయితే లీ వాన్ క్లీఫ్, అక్కడితో ఆగిపోతోంది. హీరో పక్కన గుర్రమెక్కి వచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, సినిమా అయిపోయాక కూడా మనసులో ఉండిపోయే నటుల గురించి ఎవరూ రాయడం లేదు. అలాంటి వాళ్ళలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు బెన్ జాన్సన్. అందుకే ఈ దారం మొదలుపెడుతున్నాను.

ఆయన 1918 జూన్ 13న ఓక్లహోమా రాష్ట్రంలో ఫోరేకర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అది ఓసేజ్ కౌంటీ. తండ్రి పేరు కూడా బెన్ జాన్సనే. పెద్ద ర్యాంచ్‌లో (పశువుల క్షేత్రంలో) ఫోర్‌మన్, పైగా కోడెలకు తాడు విసరడంలో రోడియో (కౌబాయ్ పోటీల) చాంపియన్. కొడుకు నడక నేర్చిన దగ్గర్నుంచీ జీను మీదే పెరిగాడు. పెద్దయ్యాక అదే ర్యాంచ్ పనిలో రోజుకు డాలరు కూలి.

1940 ప్రాంతంలో హోవార్డ్ హ్యూస్ 'ది అవుట్‌లా' అనే సినిమా కోసం ఓక్లహోమాలో గుర్రాలు కొన్నాడు. వాటిని షూటింగ్ దగ్గరికి చేర్చడానికి ఒక మనిషి కావాలి. ఆ పని జాన్సన్‌కి దొరికింది. చేతికొచ్చిన మొదటి చెక్కు 300 డాలర్లు. అది చూశాక కర్ర పుచ్చుకుని తరిమినా మళ్ళీ ఓక్లహోమా వెళ్ళేవాణ్ణి కాదని తర్వాత ఆయనే చెప్పుకునేవాడు. హాలీవుడ్‌లో ఉండిపోయాడు. గుర్రాల సంరక్షణ, స్టంట్లు, పెద్ద హీరోలకు డూప్. జాన్ వేన్, గ్యారీ కూపర్, జేమ్స్ స్టీవర్ట్ గుర్రం మీద దౌడు తీస్తుంటే వెనకనుంచి కనిపించే వీపు చాలాసార్లు జాన్సన్‌ది.

1941లో ఆయన పెళ్ళి చేసుకున్న కారొల్, స్టూడియోలకు గుర్రాలు అద్దెకిచ్చే ఫ్యాట్ జోన్స్ కూతురు. మామగారి లాయం నార్త్ హాలీవుడ్‌లో పేరున్న లాయం. అంటే ఇంట్లోనూ గుర్రాల మాటే, పనిలోనూ గుర్రాల మాటే.

దశ తిరిగింది 1947లో, జాన్ ఫోర్డ్ 'ఫోర్ట్ అపాచీ' తీస్తున్నప్పుడు. జాన్సన్ హెన్రీ ఫోండాకి డూప్‌గా ఉన్నాడు. ముగ్గురు మనుషులున్న బండిని లాగుతున్న గుర్రాలు బెదిరి అదుపు తప్పి పరుగెత్తాయి. దగ్గర్లో గుర్రం మీద కూర్చుని ఉన్న జాన్సన్ వెంటాడి, వాటిని పట్టి ఆపేశాడు. నీకు దీనికి తగినది దక్కుతుందిలే అన్నాడట ఫోర్డ్. మరో స్టంట్ పని ఇస్తాడేమో అనుకున్నాడు జాన్సన్. తీరా ఇచ్చింది ఏడేళ్ళ నటన ఒప్పందం. ఆ కాగితంలో ఐదో వరుసలో వారానికి 5,000 డాలర్లు అని కనిపించగానే మిగతాది చదవకుండా సంతకం పెట్టేశానని జాన్సన్ చాలా చోట్ల చెప్పాడు.

మిగతా కథ మీరందరూ కలిసి చెప్పండి. నాకు తెలిసింది నేనూ రాస్తుంటాను.

ఓరుగల్లు_రమేష్:
అన్నా, మంచి దారం పెట్టినవ్. 'వైల్డ్ బంచ్'ల వారెన్ ఓట్స్ పక్కపొంటి ఉంటడు గదా, గాయనేనా? గోర్చ్ అన్నదమ్ములల్ల ఒకడు. నేను ఆ సినిమా మస్తుసార్లు చూసిన గని పేరు ఎన్నడు పట్టించుకోలే. ముఖం మాత్రం మరువలే. తర్వాత 'షేన్' చూస్తుంటే బార్ల లొల్లి పెట్టేటోడు ఎక్కడ్నో చూసినట్టు అనిపిచ్చింది. నడుమ పదిహేను పదహారేండ్లు ఉన్నయి గని గుర్రం దిగే తీరు అదే.

పడమటిగాలి:
అవును రమేష్ గారూ, ఆయనే. 'వైల్డ్ బంచ్'లో టెక్టర్ గోర్చ్. 'షేన్'లో క్రిస్ కాలోవే.

స్టిల్‌వాటర్_శ్రీను:
నేను ఓక్లహోమాలో ఉంటాను, పశువైద్యుణ్ణి. జాన్సన్ సొంత ప్రాంతమైన పాహస్కా మా ఊరికి ఈశాన్యంగా గంటన్నర లోపు ప్రయాణం. కాబట్టి ఊరి సంగతి నేను చెప్తాను.

బెన్ తండ్రి ఫోర్‌మన్‌గా చేసిన ర్యాంచ్ పేరు చాప్‌మన్-బార్నార్డ్. అది ఇప్పుడు టాల్‌గ్రాస్ ప్రెయిరీ ప్రిజర్వ్ అనే సంరక్షిత గడ్డిభూమి. 1993లో అక్కడ మళ్ళీ బైసన్‌లను (అమెరికా అడవిదున్నలను) వదిలారు. పాత ర్యాంచ్ కార్యాలయం, పనివాళ్ళు పడుకునే బంక్‌హౌస్ ఇప్పటికీ ఉన్నాయి. వేసవి చివర్లో వెళ్తే గడ్డి మనిషి ఎత్తుకు పెరిగి ఉంటుంది. కంచె కనపడదు, చెట్టు కనపడదు, కొండ అంచు దాకా గడ్డే. ఆ నేల మీద పశువుల్ని మళ్ళేయాలంటే గుర్రం లేకుండా అడుగు పడదు. చిన్నప్పట్నుంచి అక్కడ పని చేసినవాడికి జీను మీద కూర్చోవడం మనకు అరుగు మీద కూర్చోవడం లాంటిది. కెమెరా ముందు ఆయన శరీరంలో కనిపించే ఆ నింపాది అక్కడి పనిలోంచి వచ్చిందే.

పాహస్కాలో ఇప్పుడు ఆయన పేర కౌబాయ్ మ్యూజియం ఉంది. ఆయన్ని ఖననం చేసిందీ ఆ ఊళ్ళోనే. అక్కడి ముసలివాళ్ళ దగ్గర బెన్ జాన్సన్ అంటే, తండ్రా కొడుకా అని అడుగుతారు. వాళ్ళకి తండ్రే ముందు.

పాతరీలు:
ఫోర్డ్ సినిమాల గురించి నేను రాస్తాను. ఆ ఒప్పందం తర్వాత వరసగా వచ్చినవి: 'త్రీ గాడ్‌ఫాదర్స్' 1948లో, 'షీ వోర్ ఎ యెల్లో రిబ్బన్' 1949లో, 'వాగన్ మాస్టర్', 'రియో గ్రాండే' రెండూ 1950లో. మధ్యలో 'మైటీ జో యంగ్' అనే పెద్ద గొరిల్లా సినిమాలో కథానాయకుడు కూడా. విల్లిస్ ఓబ్రయన్, రే హ్యారీహౌసెన్‌ల బొమ్మల పనితనానికి పేరొచ్చిన సినిమా అది. అందులో కౌబాయ్‌లు గొరిల్లాకు తాళ్ళు విసిరే ఘట్టం ఉంది.

'యెల్లో రిబ్బన్'లో సార్జెంట్ టైరీ పాత్ర చూడండి. ముందు వెళ్ళి జాడ తీసే సైనికుడు. శత్రువులు తరుముతుంటే ఒంటరిగా దౌడు తీసి లోయ లాంటి గండిని దూకించేస్తాడు. ఆ గుర్రం పేరు స్టీల్, మామగారి లాయంలోదే. మాన్యుమెంట్ వ్యాలీ ఎర్రటి రాళ్ళ మధ్య దూరంగా తీసిన షాట్లు. ఆ సినిమాకి వింటన్ హోక్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. డూప్ అక్కర్లేని నటుడు కాబట్టి కెమెరాకి దాచాల్సింది ఏమీ లేదు. కట్ చేయకుండా గుర్రాన్ని, మనిషి ముఖాన్ని ఒకే షాట్‌లో చూపించొచ్చు. ఎడిటింగ్ బల్ల మీద పని చేసినవాడిగా చెప్తున్నాను, ఇది చిన్న విషయం కాదు. హీరో ముఖం ఒక షాట్, డూప్ వీపు ఒక షాట్ అతికించిన ప్రతిచోటా ప్రేక్షకుడి నమ్మకం కొంచెం జారుతుంది. టైరీ పరుగులో ఆ అతుకు లేదు.

పై అధికారి వేన్ సలహా అడిగినప్పుడల్లా టైరీ చెప్పాల్సిందంతా చక్కగా చెప్పేసి, చివర్లో అది తన శాఖ కాదండి అంటాడు. ఆ మాట అనేటప్పుడు జాన్సన్ నవ్వడు, కన్ను గీటడు. అలా మామూలుగా అనడం వల్లే మనకి నవ్వొస్తుంది.

'రియో గ్రాండే'లో రోమన్ రైడింగ్ ఉంది. రెండు గుర్రాల మీద చెరో కాలు పెట్టి నిలబడి, పగ్గాలు చేతబట్టి, కంచె దూకించడం. జాన్సన్, హ్యారీ కేరీ జూనియర్ ఇద్దరూ దానికోసం నేర్చుకుని సొంతంగా చేశారు. కుర్రాడు క్లాడ్ జార్మన్ కూడా చేశాడు.

సుజాత_వి:
'వాగన్ మాస్టర్' గురించి ఒక వాక్యంలో దాటేశారు, నాకు మనసొప్పలేదు. అందులో పెద్ద స్టార్ ఎవరూ లేరు. జాన్సన్, కేరీ ఇద్దరూ గుర్రాలు అమ్ముకునే కుర్రాళ్ళు. మోర్మన్‌ల (ఒక క్రైస్తవ మతశాఖ వాళ్ళ) బండ్ల వరసకి దారి చూపే పని ఒప్పుకుంటారు. యూటాలో మోయబ్ దగ్గర తీశారు. తన సినిమాల్లో బాగా ఇష్టమైనవాటిలో ఒకటని ఫోర్డ్ స్వయంగా చెప్పిన సినిమా ఇది.

జాన్సన్ పాత్ర ట్రావిస్ చివరిదాకా తుపాకీ వైపు పోడు. దుర్మార్గులు బండ్ల మధ్యే తిష్ఠ వేసినా ఓపిక పడతాడు. వేరే నటుడైతే ఆ ఓపికలో పిరికితనమో, లోపల దాచుకున్న కోపమో చూపించాలని తాపత్రయపడేవాడు. ఈయన ఊరికే చూస్తుంటాడు. ఎప్పుడు కదలాలో తెలిసినవాడి చూపు అది. హీరోగా ఈయన్ని పెట్టి మరో నాలుగు సినిమాలు తీసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ.

పడమటిగాలి:
తీయకపోవడానికి కారణం ఉంది సుజాత గారూ. 'రియో గ్రాండే' షూటింగ్‌లో ఒక పూట భోజనాల దగ్గర జాన్సన్ పక్కనున్న కేరీతో ఏదో అన్నాడు. అది ఫోర్డ్ చెవిన పడింది. ఫోర్డ్ అందరి ముందూ గద్దించాడు. ఫోర్డ్ గద్దిస్తే జాన్ వేన్ కూడా తల దించుకునే రోజులవి. జాన్సన్ మాత్రం లేచి, ఫోర్డ్ దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పాల్సింది చెప్పి బయటికి నడిచాడు. సినిమా పూర్తి చేశాడు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఫోర్డ్ నుంచి పిలుపు రాలేదు. మళ్ళీ కలిసి చేసింది 1964 నాటి 'షయాన్ ఆటమ్' లోనే.

ఈ మనిషి నాకు నచ్చడానికి ఈ ఘటన పెద్ద కారణం. వారానికి అంత డబ్బిచ్చే దర్శకుడు, తనని నటుణ్ణి చేసినవాడు. అయినా నలుగురి ముందూ అవమానిస్తే పడి ఉండలేదు. అలాగని ఫోర్డ్ మీద ఎక్కడా కసి తీర్చుకోలేదు. తనకి బతుకు ఇచ్చింది ఆయనేనని చివరిదాకా చెప్తూనే వచ్చాడు.

ఓరుగల్లు_రమేష్:
గట్ల లేచిపోవాలంటే వేరే పని చేతుల ఉండాలె అన్నా. సినిమా లేకుంటే గుర్రం ఉన్నది గదా అనే ధైర్యం. సినిమా మీదనే బతికేటోనికి గా ధైర్యం యాడికెళ్ళి వస్తది?

స్టిల్‌వాటర్_శ్రీను:
రమేష్ గారు అసలు విషయం పట్టుకున్నారు. 1953లో ఆయన సరిగ్గా అదే చేశాడు. సినిమాలు పక్కన పెట్టి ఏడాది పాటు రోడియోలు తిరిగాడు. తండ్రి ముందటేడు చనిపోయాడు. తండ్రిలాగా ఒక్క ఏడాదైనా ప్రపంచ చాంపియన్ అనిపించుకోవాలని పంతం. టీమ్ రోపింగ్‌లో అనిపించుకున్నాడు కూడా.

టీమ్ రోపింగ్ అంటే ఏమిటో చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఇద్దరు రౌతులు. కోడెని వదలగానే ఒకడు దాని కొమ్ములకు ఉచ్చు వేసి, తాడు కొసను జీను ముందుండే కొమ్ముకి చుట్టి, గుర్రాన్ని ఎడమకి తిప్పుతాడు. కోడె కూడా ఆ వైపు తిరుగుతుంది. తిరిగే ఆ క్షణంలో రెండోవాడు దాని వెనక కాళ్ళు నేల విడిచినప్పుడు కిందుగా ఉచ్చు జార్చి రెండు కాళ్ళూ పట్టాలి. రెండు తాళ్ళూ బిగిసి, గుర్రాలు ఎదురెదురుగా నిలబడితే లెక్క పూర్తి. సెకన్లలో జరిగిపోతుంది. తాడు చుట్టేటప్పుడు బొటనవేలు మధ్యలో పడితే తెగిపోతుంది. అలా వేళ్ళు పోయినవాళ్ళు ఈ ప్రాంతంలో కనిపిస్తూనే ఉంటారు.

ఖర్చులు పోను ఆ ఏడాది చివర ఆయన దగ్గర మూడు డాలర్లు కూడా లేవు, మిగిలింది అరిగిపోయిన కారు, కోపంగా ఉన్న భార్య. ఈ మాట ఆయనే అన్నాడు. దాంతో తిరిగి సినిమాలకొచ్చాడు. రోడియో ప్రపంచ చాంపియన్‌షిప్, ఆస్కార్ రెండూ గెలిచిన మనిషి ఆయనొక్కడే. అయితే ఇక్కడివాళ్ళు ముందు చెప్పేది చాంపియన్‌షిప్ సంగతే.

సుజాత_వి:
ఆ చాంపియన్‌షిప్ ఏడాదే 'షేన్' విడుదలైంది. షూటింగ్ రెండేళ్ళ ముందే వ్యోమింగ్‌లో అయిపోయింది. కాలోవే చేసేది మూడే పనులు. కొట్లో షేన్ పిల్లాడి కోసం సోడా అడిగితే ఎగతాళి చేసి చొక్కా మీద విస్కీ పోస్తాడు. రెండోసారి షేన్ చేతిలో తన్నులు తింటాడు. చివర్లో రాత్రిపూట వచ్చి, అవతలివాళ్ళు పన్నిన ఉచ్చు గురించి షేన్‌ని హెచ్చరించి వెళ్ళిపోతాడు. ఎందుకు మారావని షేన్ అడిగితే వివరంగా ఏమీ చెప్పడు. తనకి ఏదో అయిందని మాత్రం అంటాడు.

రచయితలు ఆ మార్పుకి కారణం రాయలేదు. అయినా మనం నమ్ముతాం. మొదటి సన్నివేశంలో విస్కీ పోసేటప్పుడే జాన్సన్ ఆ రౌడీతనాన్ని పూర్తి మనసుతో చేసినట్టు ఉండడు. తోటివాళ్ళు చూస్తున్నారని చేస్తున్నవాడిలా ఉంటాడు. ఆ చిన్న సందు అక్కడ వదిలాడు కాబట్టే చివరి సన్నివేశం నిలబడింది. క్యారెక్టర్ నటుడి పని ఇదే. దొరికే సమయం తక్కువ, మలుపు పెద్దది.

నిరుపమ:
అందరి పోస్టులూ ఇష్టంగా చదివాను. కానీ ఒక విషయం ఎవరూ ఎత్తకపోవడం నాకు ఇబ్బందిగా ఉంది. ఆయన పుట్టింది ఓసేజ్ కౌంటీలో అన్నారు. అది అమెరికా ఆదివాసులైన ఓసేజ్ జాతి నేల. జాన్సన్ పసివాడిగా ఉన్న 1920లలోనే ఆ కౌంటీలో చమురు హక్కుల కోసం ఓసేజ్ మనుషుల్ని వరసగా చంపారు. ఆ నేలలో పెరిగిన మనిషి సినిమాల్లో చేసింది ఏమిటి? అమెరికా సైన్యపు నీలం యూనిఫారం వేసుకుని, అరుస్తూ వచ్చే 'ఇండియన్లను' గుర్రం మీంచి పడగొట్టడం. టైరీ పరుగు నాకూ బాగుంది. కానీ తరిమేవాళ్ళకి ముఖాలుండవు, పేర్లుండవు. గండి దూకిన గుర్రానికి ఉన్న పేరు కూడా వాళ్ళకి లేదు.

పాతరీలు:
నిరుపమ గారూ, మీరన్నది సరైన మాట. ఇంకొకటి కూడా చేర్చాలి. ఫోర్డ్ సినిమాల్లో అపాచీలుగా, షయాన్‌లుగా, కొమాంచీలుగా కనిపించేవాళ్ళలో చాలామంది మాన్యుమెంట్ వ్యాలీలో ఉండే నవాహో జనం. ఎవరి భాష, ఎవరి వేషం అన్న పట్టింపే లేదు. 'షయాన్ ఆటమ్' ఫోర్డ్ ఏదో సరిదిద్దుకుందామని తీసిన సినిమా. దానిలోనూ ముఖ్యమైన షయాన్ పాత్రలు రికార్డో మాంటల్‌బాన్, గిల్బర్ట్ రోలాండ్, సాల్ మినియో వేశారు.

పడమటిగాలి:
దీన్ని నేను కాదనను. ఆ సినిమాల్ని ప్రేమించేవాళ్ళం ఈ సంగతి పక్కకి నెట్టి మాట్లాడకూడదు కూడా. నాది ఒకటే మనవి. 'వాగన్ మాస్టర్'లో నవాహోలు ఎదురైనప్పుడు జాన్సన్ పాత్ర తుపాకీ దింపించి, వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడుతుంది. రాత్రి అందరూ కలిసి ఆడతారు. బండ్లతో ఉన్న దుర్మార్గుల్లో ఒకడు నవాహో స్త్రీ మీద చెయ్యి చేసుకుంటే బండివాళ్ళే వాణ్ణి కొరడాతో కొట్టి శిక్షిస్తారు. అప్పటి సినిమాల్లో ఇది అరుదు.

నిరుపమ:
అరుదని ఒప్పుకుంటాను. అరుదుగా ఉండటమే నా ఫిర్యాదు. అయినా ఆ సినిమా చూస్తాను, మీరు చెప్పాక చూడాలనిపించింది.

మోడరేటర్:
ఓసేజ్ హత్యల మీద, 2023లో వాటిపై వచ్చిన సినిమా మీద చరిత్ర విభాగంలో వేరే దారం ఉంది. అక్కడ వివరంగా కొనసాగించండి. ఇక్కడ జాన్సన్ నటనతో ముడిపడినంత వరకు రాస్తే మంచిది.

పాతరీలు:
సరే, రెండో అంకానికి వస్తాను. యాభైలలో, అరవైల మొదట్లో ఆయనకి దొరికినవి చిన్నచిన్న పాత్రలు. మార్లన్ బ్రాండో స్వయంగా తీసిన 'వన్-ఐడ్ జాక్స్' 1961లో వచ్చింది. అందులో జాన్సన్ నీచుడిగా కనిపిస్తాడు. చూసేవాళ్ళకి కొత్త. ఆ తర్వాత సామ్ పెకిన్‌పా తీసుకున్నాడు. 1965లో 'మేజర్ డండీ', 1969లో 'ది వైల్డ్ బంచ్'.

వైల్డ్ బంచ్ ఆఖరి నడక గురించి సినిమా చదువుకున్న ప్రతివాళ్ళూ మాట్లాడతారు. నలుగురు: విలియం హోల్డెన్, ఎర్నెస్ట్ బోర్గ్నైన్, వారెన్ ఓట్స్, జాన్సన్. పట్టుబడ్డ తోటివాడి కోసం చావుకి నడుస్తున్నారు. స్క్రిప్టులో అంత లేదు, పెకిన్‌పా అక్కడికక్కడ పెంచుకుంటూ పోయాడు. నడకకి ముందు గదిలో హోల్డెన్ 'వెళ్దాం పదండి' అంటాడు. ఓట్స్ ఒక్క క్షణం చూసి 'ఎందుకు వెళ్ళకూడదు' అని బదులిస్తాడు. జాన్సన్ వైపు నుంచి ఆ ఒప్పుకోలు చూపులోనే అయిపోతుంది. నడిచేటప్పుడు నలుగురి అడుగులూ గమనించండి. మిగతా ముగ్గురూ నటులు, అద్భుతంగా నడుస్తారు. జాన్సన్ నడకలో ఏళ్ళ తరబడి జీను మీద కూర్చుని వంగిన కాళ్ళు ఉంటాయి.

ఓరుగల్లు_రమేష్:
అయితే ఒక మాట అడుగుత, ఎవరూ తప్పుగ అనుకోవద్దు. గుర్రం, నడక, నింపాది, ఇవన్నీ ఆయనకు పుట్టుకతోటి వచ్చినయి. మరి దాన్ని నటన అనాల్నా? ఆస్కార్ ఇచ్చింది నటనకా, మనిషికా?

సుజాత_వి:
అడగాల్సిన ప్రశ్నే రమేష్ గారూ. 'ది లాస్ట్ పిక్చర్ షో' తోనే జవాబు చెప్తాను.

1971. టెక్సాస్‌లోని ఆర్చర్ సిటీలో పీటర్ బొగ్డనోవిచ్ నలుపు తెలుపులో తీశాడు. రాబర్ట్ సర్టీస్ కెమెరా. కథ 1950ల మొదట్లో ఆరిపోతున్న ఒక చిన్న ఊరిది. ఆ ఊళ్ళో పూల్ హాలు, హోటలు, సినిమా హాలు మూడూ సామ్ ది లయన్ అనే పెద్దాయనవి. అది జాన్సన్ పాత్ర. గుర్రాలు లేవు, తుపాకులు లేవు. ఆయన ఆ పాత్ర వద్దన్నాడు. స్క్రిప్టులో బూతు మాటలున్నాయి, పైగా మాటలు ఎక్కువున్నాయి అని. బొగ్డనోవిచ్ చివరికి జాన్ ఫోర్డ్‌నే పట్టుకున్నాడు. ఎప్పటికీ వేన్ పక్కన నిలబడేవాడిగానే ఉండిపోతావా అని ఫోర్డ్ ఫోన్ చేసి అడిగాడు. పాతికేళ్ళ కిందట సంతకం పెట్టించుకున్న ఆ ఫోర్డే. తన మాటలు తానే తిరగరాసుకుని, బూతులు తీసేస్తానన్న షరతు మీద జాన్సన్ ఒప్పుకున్నాడు.

చెరువు గట్టు సన్నివేశం చూడండి. సామ్, ఇద్దరు కుర్రాళ్ళు గాలం వేసుకుని కూర్చుంటారు. చేపల కోసం కాదు, ఊరికే రావడం కోసం. ఇరవై ఏళ్ళ కిందట ఒక అమ్మాయిని ఇక్కడికి తీసుకొచ్చానని సామ్ మొదలుపెడతాడు. అప్పటికే పెళ్ళయిన పిల్ల. గుర్రాలతో ఈ నీళ్ళు దాటుదామని పందెం వేసింది, ఒక వెండి డాలరు పందెం. కెమెరా నెమ్మదిగా ఆయన ముఖం దగ్గరికి వస్తుంది. ఆయన గొంతు పెంచడు, కళ్ళు తుడుచుకోడు. ఆమె అలా చేసిందని చెప్తూ పెదవి చివర ఒక నవ్వు వస్తుంది, అది పూర్తయ్యేలోపు మొహం మళ్ళీ మామూలైపోతుంది. ఇప్పుడు ఆమె ఎదురైనా అయిదు నిమిషాల్లో మళ్ళీ అంతే పిచ్చివాణ్ణవుతానని అంటాడు. కెమెరా వెనక్కి జరుగుతుంది. అంతే సన్నివేశం.

ఇది పుట్టుకతో రాదు. ఇన్ని మాటలు నావల్ల కాదన్న మనిషి, ఆ మాటల బరువు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసి చేశాడు. తనకి తెలియని భావం ఒక్కటీ పైన పూయలేదు. ఎంతోమంది గొప్ప నటులు కష్టపడి తీసేసుకోవాల్సిన అతిని ఆయన ఎప్పుడూ పోగు చేసుకోలేదు. నా దృష్టిలో అది నటనే, చాలా క్రమశిక్షణ ఉన్న నటన.

పాతరీలు:
సినిమా మొత్తంలో ఆయన తెర మీద ఉండేది పది నిమిషాలకు కాస్త తక్కువ. సామ్ చావు కూడా తెర మీద చూపించరు, కబురు వస్తుంది. ఆ తర్వాత ఉన్న సినిమా అంతా ఆయన లేని లోటు మీదే నడుస్తుంది. 1972 ఏప్రిల్‌లో ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ ఇచ్చారు. అదే విభాగంలో అదే సినిమాకి జెఫ్ బ్రిడ్జెస్ కూడా పోటీలో ఉన్నాడు. చార్లీ చాప్లిన్ ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికా తిరిగొచ్చి గౌరవ ఆస్కార్ అందుకున్న రాత్రి కూడా అదే. గోల్డెన్ గ్లోబ్, బ్రిటిష్ అకాడమీ బహుమతి కూడా జాన్సన్‌కి వచ్చాయి.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి. ఆ 1971లోనే, ఆగస్టులో, కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, రాజస్థాన్ ఇసుకలో షూటింగ్. తెలుగులో కౌబాయ్ గుర్రమెక్కిన ఏడాదే అమెరికావాళ్ళు పాత కౌబాయ్‌ల ముఖాన్ని తెచ్చి, మూతపడుతున్న సినిమా హాలు యజమానిగా కూర్చోబెట్టారు. వాళ్ళకి వెస్టర్న్ వెనకబడుతున్న కాలం, మనకు అప్పుడే మొదలు.

ఓరుగల్లు_రమేష్:
సుజాతక్కా, మీరు చెప్పిన సీన్ ఇప్పుడే చూసిన. నటనే. ఇంక అడుగ.

పడమటిగాలి:
ఆస్కార్ తర్వాత ఆయన పెద్ద స్టార్ ఏమీ కాలేదు. పని మాత్రం తగ్గలేదు. 1972లోనే పెకిన్‌పాతో రెండు: 'జూనియర్ బానర్'లో రోడియోకి పశువుల్ని సరఫరా చేసే పెద్దమనిషి, 'ది గెటవే'లో స్టీవ్ మెక్వీన్‌ని వాడుకునే దుర్మార్గుడు. 1974లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'షుగర్‌లాండ్ ఎక్స్‌ప్రెస్'లో పోలీస్ కెప్టెన్. పారిపోతున్న జంటని చంపకుండా పట్టుకోవాలని తాపత్రయపడే మనిషి. చివర్లో అది చేతకాక నిలబడిపోయినప్పుడు ఆ ముఖం చూడాలి. 1975లో 'బైట్ ది బుల్లెట్'. 1984లో 'రెడ్ డాన్'. అలా తొంభైల దాకా.

బూతులు పలకనన్న నియమం చివరిదాకా వదల్లేదు. పిల్లల సహాయ సంస్థల కోసం తన పేర రోడియోలు పెట్టించి డబ్బు పోగు చేసి ఇచ్చేవాడు. 1994లో హాలీవుడ్ వీధిలో ఆయన పేర నక్షత్రం వేశారు. అదే ఏడాది భార్య కారొల్ పోయింది. యాభై మూడేళ్ళ కాపురం. పిల్లలు లేరు. 1996 ఏప్రిల్ 8న అరిజోనాలోని మేసా ఊళ్ళో, తల్లిని చూడటానికి వెళ్ళినప్పుడు గుండెపోటుతో పోయాడు. డెబ్భై ఏడేళ్ళు.

స్టిల్‌వాటర్_శ్రీను:
ఆ తల్లి అప్పటికి తొంభై ఏళ్ళు దాటిన మనిషి. కొడుకు పోయాక కూడా ఉంది.

పాహస్కాలో తండ్రి జ్ఞాపకార్థం ఏటా జూన్‌లో కోడెలకు తాడు విసిరే పోటీ జరుగుతుంది. ఇక్కడికి దగ్గర్లో ఉండే మన తెలుగువాళ్ళు ఎవరైనా చూడాలనుకుంటే వేసవి సెలవుల్లో రావచ్చు. టోపీ, మంచినీళ్ళు మర్చిపోకండి, ఎండ బాగా కాస్తుంది. పనిలో పనిగా ప్రెయిరీ కూడా తిరిగి రావచ్చు. బైసన్‌లు రోడ్డుకి అడ్డంగా నిలబడతాయి, కారు దిగకండి.

నిరుపమ:
'వాగన్ మాస్టర్' చూశాను. నవాహోల ఘట్టం పడమటిగాలి గారు చెప్పినట్టే ఉంది. నా ఫిర్యాదు అలాగే ఉంది, కానీ జాన్సన్ గుర్రం దిగి మాట్లాడటానికి వెళ్ళే తీరు నాకు బాగా నచ్చింది. భయపడినట్టూ లేదు, గెలిచినట్టూ లేదు. ఇంక ఏవి చూడాలో వరస చెప్తారా?

సుజాత_వి:
తప్పకుండా. ముందు 'లాస్ట్ పిక్చర్ షో' చూడకండి. 'యెల్లో రిబ్బన్'లో ముప్ఫై ఏళ్ళ జాన్సన్‌ని చూడండి, తర్వాత 'షేన్', తర్వాత 'వైల్డ్ బంచ్'. ఆ ముఖం వయసు పెరగడం చూశాక చెరువు గట్టు దగ్గరికి వస్తే, సామ్ చెప్పే ఆ ఇరవై ఏళ్ళ కిందటి కుర్రాణ్ణి మీరు అప్పటికే చూసి ఉంటారు. ఆ తర్వాత 'షుగర్‌లాండ్', 'జూనియర్ బానర్'. రెండోదానిలో రోడియో దృశ్యాలు అరిజోనాలోని ప్రెస్కాట్‌లో తీశారు. శ్రీను గారు తాళ్ళ గురించి రాసింది ఒకసారి చదివి చూస్తే ఇంకా బాగుంటుంది.

పాతరీలు:
వీలైతే 'విల్ పెన్నీ' కూడా కలపండి, 1968ది. చార్ల్టన్ హెస్టన్ హీరో. జాన్సన్ ర్యాంచ్ ఫోర్‌మన్ వేషం వేశాడు, తండ్రి చేసిన ఉద్యోగమే.